రెండు వందల పద్దెనిమిదో సీటు

ప్రేమయ్యకు ఎత్తంటే భయం. మేడ మీద బట్టలు ఆరేయడానికి కూడా భార్యనే పంపేవాడు. అలాంటి మనిషి గండికోట అంచున సెల్ఫీ తీసుకుంటూ పెన్నా లోయలోకి జారిపోయాడని రిపోర్టు రాశారు. ఆ రిపోర్టును నమ్మనివాడు జయకుమార్ ఒక్కడే.

శవాన్ని పైకి చేర్చేసరికి మంగళవారం ఉదయం ఎనిమిదయింది. కోట దగ్గర టీ అమ్మే ఆవిడ, ఎవరూ అడగకుండానే తన దుప్పటి తెచ్చి కప్పింది. ఈగలు వాలకుండా అట్టముక్కతో విసురుతూ పక్కనే కూర్చుంది. జయకుమార్ ఆమెకు చేతులెత్తి నమస్కరించాడు. ఏజెంట్ ట్రైనింగ్‌లో అలాంటివి నేర్పరు.

ప్రేమయ్య ఎగుమతి గోడౌన్‌లో హమాలీ. జయకుమార్‌కు రహస్యంగా సమాచారం ఇచ్చేవాడు. చనిపోయే ముందు అతను పంపిన మెసేజ్ ఇంకా ఫోన్‌లో ఉంది. 'ఎమ్మిగనూరు చీరల మూటలు. ఒకదాంట్లో సీసం. అమెరికాలో గెలిస్తేనే కదుల్తాది.'

పది నిమిషాల్లో హైదరాబాదు నుంచి సెక్యూర్ లైన్ కలిసింది. చీఫ్ రాజేశ్వరికి పలకరింపుల అలవాటు లేదు.

"ఏజెంట్ పదిహేడూ, విను. ఈ రోజు అమెరికాలో పోలింగ్. అక్కడి రాత్రి మనకు రేపు ఉదయం. వాళ్ల దిగువ సభలో రెండు వందల పద్దెనిమిది సీట్లు ఎవరికి వస్తే కమిటీలన్నీ వాళ్లవి. మన అణు ఇంధన ఒప్పందం, చేనేత మీద పన్ను తగ్గింపు, రెండూ ఒకే కమిటీ ముందున్నాయి. ఇప్పటి చైర్మన్ మనవైపు. సభ చేతులు మారితే రాబోయే మనిషి మనల్ని నమ్మడు. ఆయనకు ఒక్క సాక్ష్యం కావాలి."

"ఆ సాక్ష్యం మూటలో ఉందా మేడమ్?"

"ఉంది. సీసం డబ్బాలో యురేనియం పొడి. మనకు ఇంధనం అమ్ముకునే విదేశీ ముఠా ఒకటుంది, బ్లూ హెరాన్. ఈ ఒప్పందం కుదిరితే దాని బేరం పోతుంది. ఆ పొడిని వేరే దేశంలో కొని తెచ్చింది. అయినా తుమ్మలపల్లె యురేనియం గని మన రాయలసీమలోనే ఉంది కాబట్టి అక్కడి సరుకే అంటారు. అమెరికా రేవులో ఎక్స్-రే తీస్తే సీసం నల్లగా కనిపిస్తుంది. మూట విప్పుతారు. ఆ రోజుతో ఒప్పందం సరి."

"సభ మారకపోతే?"

"పాత చైర్మన్ విషయాన్ని బయటకు రానివ్వడని వాళ్ల భయం. అప్పుడు మూటను వెనక్కి తీసుకుని దాచుకుంటారు. అందుకే ఫలితం వచ్చేదాకా లోడింగ్ లేదు."

"ఇప్పుడే పట్టుకుని అన్నీ విప్పేస్తే?"

"ఎనభై మూటలు పోలీసులు విప్పితే సాయంత్రానికి టీవీలో వస్తుంది. రాయలసీమ చీరల్లో యురేనియం! వాళ్లకిక కంటైనర్ కూడా అక్కర్లేదు." ఆమె గొంతు ఒక్క క్షణం మెత్తబడింది. "ఎనభై మగ్గాల ఆడవాళ్లు జయకుమార్. ఐదు నెలల నేత. మొదటి అమెరికా ఆర్డర్. ఇది పోతే వాళ్లంతా వలసపోయే కోసిగి కూలీలతో పాటు బెంగుళూరు బస్సెక్కాలి."

"అర్థమైంది మేడమ్. ఒక్క మాట. ప్రేమయ్య భార్య విశ్వాసమ్మకు సెల్ఫీ అని చెప్పనివ్వకండి."

"నేనే చెప్తాను."

* * *

బుధవారం ఉదయం పదిన్నర. ఎమ్మిగనూరు శివార్లలో ప్రేమయ్య మూటలు మోసిన గోడౌన్. యజమాని ఉమామహేశ్వర, బ్లూ హెరాన్‌కు ఇక్కడి మనిషి. నెరిసిన విగ్గు, లావు కళ్లద్దాలు, జేబులో రేడియేషన్‌ను పసిగట్టే పెన్ను. జయకుమార్ ఇప్పుడు ఎగుమతి ఇన్‌స్పెక్టర్.

ఎనభై మూటలు వరుసగా నేల మీదున్నాయి. లారీ ఖాళీగా బయట నిలబడి ఉంది. హమాలీలను టిఫిన్‌కు పంపేశారు. ఉమామహేశ్వర కుర్చీలో కూర్చుని ఫోన్‌లో అమెరికా ఫలితాల మ్యాపునే చూస్తున్నాడు. అతని పక్కన, నల్ల సిల్కు చీరలో, నల్ల కళ్లద్దాల్లో ఒక అందగత్తె. విజిటింగ్ కార్డు మీద నటాలీ, ఫ్యాషన్ కన్సల్టెంట్, న్యూజెర్సీ. బ్లూ హెరాన్ ఆమెకు జీతమిస్తోంది. ఆమె రిపోర్టులు మాత్రం ఏడాదిగా రాజేశ్వరికి వెళ్తున్నాయి. అలాగని రాజేశ్వరి నమ్ముతోంది.

"వాన పడేట్టుందా మేడమ్?" జయకుమార్ కోడ్ అడిగాడు.

"కోసిగిలో అడగండి." కోడ్ సరిపోయింది.

మూటల మధ్య వంగుతూ ఆమె గుసగుసలాడింది. "ఏ మూటో నాకూ చెప్పలేదు."

పెన్ను ఎనభై మూటల మీద తిరిగింది. ఒక్కసారి కూడా మెరవలేదు. సీసం రేడియేషన్‌ను గట్టిగానే ఆపుతోంది. ప్రతి మూట మీదా ఒక కార్డు కుట్టి ఉంది. మగ్గం నంబరు, నేసినవారి పేరు, చీరలు మగ్గం నుంచి కోసిన తేదీ. ఎనభై కార్డులూ ఉమామహేశ్వర ఇచ్చిన లిస్టుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి.

"రెండు వందల పదహారు!" ఉమామహేశ్వర తొడ చరిచాడు. "ఇంకా రెండు సీట్లు."

అప్పుడే సొసైటీ పెద్ద గురమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్లుంటాయి. చేతిలో కుంకుమ భరిణె.

"ఏమప్పా ఉమామహేశ్వరా, మా బిడ్డల్ని అమెరికాకు పంపుతాండావు, బొట్టు పెట్టనీయవా?"

"పెట్టుకో అవ్వా, బెరీన కానీ." కళ్లు ఫోన్ మీదే ఉన్నాయి.

ఆమె జయకుమార్ చేయి పట్టుకుంది. "నాకు చదువు రాదు నాయనా. ఒగ్గొగ్గ కార్డు చదువు. ఎవురిది యాడుండాదో చూసుకుంటా."

కాదనడానికి నోరు రాలేదు. అతను చదువుతుంటే ఆమె ఒక్కో మూటకూ బొట్టు పెడుతోంది. పేరు వినగానే ఒక మాట. ఈ పిల్లకు జరం వచ్చినా నేసింది. దీని అంచు చూడు, శానా ముద్దుగా ఉంటాది.

"మగ్గం యాభై మూడు. నేత పద్మశ్రీ. కోత పది, అక్టోబరు."

కుంకుమ వేలు గాల్లోనే ఆగింది.

"పదా? ఏం వారమప్పా అది?"

"శనివారం."

"దసరా మొదలయ్యే ముందర శనివారమా? అది పెద్దల అమాస గదా! అమాస నాడు మా ఊర్లో ఎవురూ మగ్గం గుంతలో కాలు పెట్టరు. ఆ దినం పద్మశ్రీ పెద్దలకు బువ్వ పెట్టి, నాకూ ఇంత తెచ్చిచ్చి పాయ. చీర యాడ కోస్తాది?"

జయకుమార్ ఇంట్లో ఉండేది చర్చి క్యాలెండర్. అందులో ఆదివారాలు మాత్రమే ఎర్రగా ఉంటాయి, అమావాస్యలు ఉండవు. ఈ కార్డు రాసినవాడి ఏసీ గదిలో ఆ మాత్రం క్యాలెండర్ కూడా ఉండి ఉండదు.

ఆమె గోనె సందులోంచి బట్ట అంచును వేళ్లతో నలిపింది. ముఖం చేదయింది. "థూ. పవర్‌లూమ్ గుడ్డ. మా పిల్ల నేసిన మూట యాడికి పాయ?"

"అవ్వా, గట్టిగా అనొద్దు. అది ఎక్కడుందో వెతకాలి."

ఉమామహేశ్వర తలెత్తాడు. "ఏందప్పా ఆడ గుసగుస?"

నటాలీ చటుక్కున లేచింది. "ఉమా, ఈ ఇన్‌స్పెక్టర్ మీద నాకు అనుమానంగా ఉంది. ఆఫీసు రూంకు రా. ల్యాండ్‌లైన్ నుంచి వాళ్ల డిపార్ట్‌మెంటుకు ఫోన్ చేద్దాం."

రాజేశ్వరి నమ్మకం తప్పా? ఇద్దరూ లోపలికి వెళ్లారు. తలుపు మూసుకుంది. తర్వాత గొళ్లెం పడిన చప్పుడు. లోపలివైపు.

అప్పుడర్థమైంది. ఆమె ఇచ్చింది టైము.

మూలన టార్పాలిన్ ఎత్తితే పద్మశ్రీ మూట కనిపించింది. మంచి బట్ట పారేయడానికి ఉమామహేశ్వరకు చేతులు రాలేదు. హంతకుడిలో మిగిలిన ఆ కాస్త మనసుకు జయకుమార్ లోలోపల దండం పెట్టాడు. దొంగ మూట కార్డు ఊడదీసి గురమ్మ చేతిలో పెట్టి, మూటను బయట ఉన్న తన జీపులోని సీసపు పెట్టెలోకి ఈడ్చాడు. అసలు మూటను వరుసలోకి తెచ్చాడు. గురమ్మ జాకెట్టుకు గుచ్చుకున్న దబ్బనం తీసింది.

"అదే కార్డు కుట్టాలా? అమాస నాడు కోసినట్లే పోతాదా మా చీర?"

"లిస్టుతో కలవాలవ్వా."

"అబద్ధం కుట్టిస్తాండావు నా చేత." అంటూనే ఆమె వేళ్లు పరుగెత్తాయి. ఆఖరి ముడి పళ్లతో కొరికి బొట్టు పెట్టేసరికి గొళ్లెం తీశారు.

"రెండు వందల పద్దెనిమిది!" ఉమామహేశ్వర ఫోన్ పైకెత్తుకుని వచ్చాడు. "సభ మారింది! హమాలీలను పిలవండప్పా, లోడ్ చేయాల!"

నేరుగా యాభై మూడో మూట దగ్గరికి నడిచాడు. కార్డు చూశాడు. అప్పుడే పెట్టిన కుంకుమ బొట్టు చూశాడు. మూట మీద చేయి వేయబోయాడు.

"కాలితో తన్నేట్టుండావు, బొట్టు పెట్టినాను, దూరం జరుగు!" గురమ్మ గదిమింది.

అతను నవ్వి వెనక్కి జరిగాడు. బ్లూ హెరాన్‌కు ఒకే మాట మెసేజ్ పంపాడు. 'కదిలింది.'

"నేను అమ్ముడుపోయినా అనుకున్నావు కదప్పా?" జయకుమార్ పక్కనుంచి వెళ్తూ న్యూజెర్సీ కన్సల్టెంట్ అంది. కళ్లద్దాలు తీసింది. "నా పేరు నాగలత. మాయమ్మ కోసిగి నుంచి మిరప కోతకు పోయేది. వీళ్ల దుడ్లతో నన్ను కొనేదానికి ఎవురి తరమూ కాదు."

* * *

మధ్యాహ్నం రెండింటికి డోన్ టోల్‌గేట్ దాటాక, లారీ వెనక వస్తున్న ఉమామహేశ్వర కారును రాజేశ్వరి మనుషులు ఆపారు. లారీని మాత్రం ఎవరూ ఆపలేదు. సెల్ఫీ తీసుకున్నాడన్న ప్రేమయ్య ఫోన్ ఆ కారు డిక్కీలో దొరికింది. రేవులో ఎక్స్-రే తీస్తే చీరలే కనిపిస్తాయి. బ్లూ హెరాన్‌కు ఆ సంగతి తెలియడానికి ఇంకా నెల పడుతుంది.

రాజేశ్వరి ఫోన్‌లో అభినందించలేదు. "కొత్త చైర్మన్ కాబోయేవాడు అప్పుడే మాట్లాడాడు. చేనేత పన్ను తగ్గింపును మళ్లీ పరిశీలిస్తాడట."

"మూటలో ఏమీ దొరక్కపోయినా?"

"మూటతో సంబంధం లేదు. అది ఆయన ఇష్టం. దాన్ని ఆపే మారువేషం మన దగ్గర లేదు."

విగ్గు తీసేసి జయకుమార్ గురమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె మగ్గం గుంతలో కూర్చుని ఉంది. చెప్పకుండా ఉండలేకపోయాడు.

"అవ్వా, ఈ ఆర్డర్ అయితే క్షేమంగా పోయింది. రాబోయేదానికి పన్ను ఎక్కువ వేస్తారేమో. గెలిచినవాళ్ల చేతిలో ఉంది."

మగ్గం చప్పుడు ఆగింది. గురమ్మ పక్కనున్న మజ్జిగ చెంబు అతని ముందుకు జరిపింది.

"ఆ గెలిచినాయప్ప ఎన్ని దినాలుంటాడు ఆడ?"

"రెండేళ్లు. మళ్లీ ఎన్నికలొస్తాయి."

"రెండేండ్లేనా?" ఆమె దారం చుట్టిన నాడె అందుకుంది. "నేను ఈ గుంతలో నలభై ఏండ్ల నుంచి కూసోనుండా. చూద్దాం, ముందర ఎవురు లేస్తారో."