లక్షా మూడుకు ప్రధానం

నవతతో పరుశురాంకు మొదటి రోజే పేచీ పడింది. సూరత్‌లో నర్సవ్వ ఇంటికి డబ్బు కట్టి పూట భోజనానికి వచ్చినవాడు నోరు మూసుకుని తినకుండా, ఆమె కూతురు వేసుకుంటున్న లెక్కలోకి తొంగిచూశాడు.

"లక్షా ఒకటి దేంతోని పోదు," అన్నాడు గొప్పగా.

"పదకొండుతోని పోతది. తొమ్మిదివేల తొంభై ఒకటొస్తది. నువ్ తినెతందుకు వచ్చినవా, లెక్కలు చెప్పెతందుకు వచ్చినవా?"

ఆ పూట చారన్నం కూడా గొంతు దిగలేదు. అయినా మర్నాటి నుంచి రోజూ ఒక పెద్ద అంకె వెతుక్కుని వచ్చేవాడు. ఆ ఊళ్లోనే పుట్టి, గుజరాతీ మీడియంలో చదివి, టీచర్ పరీక్షకు తయారవుతున్న ఆ పిల్ల వాటిని ఇట్టే విరగ్గొట్టేది. ఓడిపోవడంలో ఇంత సుఖం ఉందని అతనికి అప్పుడే తెలిసింది.

ఆ సుఖం ఎన్నాళ్లో నిలవలేదు. ఖటోదరా పేటలో అతను నేత పని చేసే కార్ఖానా మూతపడింది. మగ్గాలను పాత ఇనుముకు అమ్మేశారు. ఇవాళ సాయంత్రం బండికి సొంతూరు సిరిసిల్లకు ప్రయాణం. ఆదివారం భివండీ నుంచి నవతను చూసుకోవడానికి పెళ్లివారు వస్తున్నారు. పొద్దున పట్టిన ముసురు వదల్లేదు. పరుశురాంకు ఏడుపొక్కటే తక్కువ.

"ఇగ ఇదే ఆఖరిది," అన్నాడు. "లక్షా మూడు."

నవత పెన్ను తీసింది. మూడు, ఏడు, పదకొండు, పదమూడు... కంచంలో అన్నం చల్లారిపోయేదాకా భాగిస్తూనే ఉంది.

"మూడొందల పదహారు దాంక చూసిన. ఆ పైదాన్ని దాంతోనే గుణిస్తె లక్షా మూడు దాటిపోతది, ఇగ చూసే పని లేదు. ఇది అవిభాజ్య." ఆమె పెన్ను కింద పెట్టింది. "మీ తెలుగు బడిల ఏమంటరు దీన్ని?"

"ప్రధానం. ఎవలొచ్చినా విడదియ్యరాదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పెళ్లి ఖాయం చేసుకునే ప్రధానం తప్ప, లెక్కల్లో ఇంకొకటి ఉంటుందని పాపం నర్సవ్వకేం తెలుసు?

"ప్రధానమా? ఎవలకు?" అంటూ గరిటెతోనే వచ్చింది. "ఆదివారం భివండోళ్లు వస్తుంటే, నా ఇంట్ల గూసోని ప్రధానం మాట్లాడుతవా? పని లేదు, పాట లేదు!"

'లెక్క సంగతి అత్తా' అంటే గండం గడిచిపోయేది. అందామని నోరు తెరిచాడు కూడా. నవత అతని వంకే చూస్తోంది. ఇప్పుడు తప్పించుకుంటే అసలు మాట ఈ జన్మకు చెప్పలేనని అతనికి తెలిసిపోయింది.

"అవునత్తా," అన్నాడు. "నవతకు, నాకు."

నర్సవ్వ కూతురి వైపు తిరిగింది. "నీకు ఎర్కేనా?"

"ఆయన చెప్పింది లెక్కనే అమ్మా. నువ్వే తప్పు విన్నవ్."

పరుశురాం కంచం ముందు నుంచి లేవబోయాడు.

"గా తప్పే నాకు గావాలె," అంది నవత, తల దించుకుని.

నర్సవ్వ గరిటె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"బండి ఎక్కు. పని దొర్కించుకో. భివండోళ్లకు నేను జెప్పుకుంట," అంది కటువుగానే. "ముందుగాల మీ అవ్వకు ఫోన్ కలుపు. ప్రధానం పెద్దోళ్లు మాట్లాడాలె, పిలగాండ్లు గాదు."