అడుగు మూసే చెయ్యి

మా ఇంట్లో ఒక కుండ తయారు కావాలంటే ఇద్దరు మనుషులు కావాలి. మా ఆయన మునినారాయణ కుమ్మరి సారె తిప్పి మన్నును పైకి లేపేవాడు. సారె మీద నుంచి కోసి తీసిన కుండకు మెడ ఉంటుంది, పొట్ట ఉంటుంది, అడుగు మాత్రం ఉండదు. ఆ అడుగు మూసేది ఆయన అన్న, మా బావ బైరప్ప. ఎడమచెయ్యి కుండలో పెట్టి, లోపలి నుంచి ఒక గుండ్రాయి ఆనించి, బయటి నుంచి చెక్కతో తట్టేవాడు. రెండు గట్టిగా, ఒకటి మెల్లగా. తట్టేకొద్దీ మన్ను సాగి అడుగు గుండ్రంగా మూసుకునేది. బావ ఎడమ చిటికెనవేలు చెరుకు గానుగలో పడి సగం పోయింది. అయినా ఆయన మూసిన కుండ కారిందని చింతామణి సంతలో ఏ ఇల్లాలూ తిరిగి తెచ్చింది లేదు.

నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ చప్పుడుతోనే నాకు తెల్లవారేది. బావకు పెళ్ళి కాలేదు. నేను పెట్టింది తిని, చెయ్యి కడుక్కుని, ఒక బీడీ కాల్చి, మళ్ళీ చెక్క పట్టుకునేవాడు. ఆయనకు వేరే లోకం లేదు.

ఇంతలో అల్యూమినియం గిన్నెలు వచ్చి మా వంటకుండలను మూలకు నెట్టాయి. మా ఆయన బెంగుళూరులో సర్కారు తరబేతికి పోయి కొత్త పని నేర్చుకొచ్చాడు. కాలితో తంతే తిరిగే సారె తెచ్చాడు. ఊరి బయట రేకుల కొట్టం వేసి దానికి స్టూడియో అని పేరు పెట్టాడు. ఇక చేసేదంతా సన్నమెడ పూలకూజాలే. బెంగుళూరు దొరసానులు రేడియో పక్కన పెట్టుకోవడానికట. వాటి అడుగు సారె మీదనే వచ్చేస్తుంది, చదునుగా. కుదురు అక్కర్లేదు, బల్ల మీద పెడితే నిలబడతాయి. తట్టే పనే లేదు.

"మరి నాకేం పనిరా, నారాయణా?" అని అడిగాడు బావ.

"నీకింక పనేముండాదన్నా? కూసోని తిను."

అన్నను కూర్చోబెట్టి మేపడం పెద్ద ధర్మమనుకున్నాడు మా మహానుభావుడు. పని చేసే మనిషిని కూర్చోబెడితే ఏమవుతాడో నేను చెప్పి చూశాను. "నీకేం తెలుసు మే" అన్నాడు. బావ ఒళ్ళో చెక్క పెట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. తిండి తగ్గింది. మాట తగ్గింది. వానలు పడేసరికి మంచం పట్టాడు.

పోయే ముందు తమ్ముడి చెయ్యి పట్టుకుని ఒకటే అడిగాడు. "నా నీళ్ళకుండ అడుగు నువ్వే తట్టి మూయిరా. ఒక్క కుండ. చదును కుండ వద్దు, నేల మీద నిలబడతాది."

మాలో ఒక పట్టింపు ఉంది. చావుకు తీసుకుపోయే నీళ్ళకుండ చితి చుట్టూ తిరిగి పగిలేదాకా నేల మీద నిలబడకూడదు. అది నిలబడితే పోయినవాడు కూడా నిలబడిపోతాడంటారు. మా ఆయన తల ఊపాడు. ఊపడానికి ఏం పోయింది? తీరా బావ పోయినప్పుడు బెంగుళూరు ప్రదర్శనకు పంపాల్సిన సరుకు తొందరలో ఉన్నాడు. పైగా తట్టడం ఆయన ఎన్నడూ నేర్చుకోలేదు. అన్నాళ్ళూ ఆ పనికి అన్న ఉన్నాడుగా! కొత్త సారె మీద చెయ్యి తిరగడానికి చేసిన చదును కుండ ఒకటి స్టూడియోలోంచి తీసి నీళ్ళు పోసి భుజానికెత్తుకున్నాడు.

వాకిలి దాటగానే వాన అందుకుంది. పంచె జారుతోందని కుండను కింద పెట్టాడు. నేను గడపలోంచి చూస్తూనే ఉన్నాను. బురదలో అది నిటారుగా నిలబడింది.

"రేయ్! కుండ నిలబెట్టినావేందిరా!" అని కులపెద్ద నంజప్ప అరిచాడు.

మా ఆయన చటుక్కున ఎత్తుకున్నాడు. కానీ అందరం చూశాం. ఆ రోజు బావ చెక్కనూ, గుండ్రాయినీ కూడా చితిలోనే వేసి వచ్చారు.

దినాలు అయ్యాయి. మా ఆయన మళ్ళీ కూజాల్లో మునిగిపోయాడు. నాకు నెలలు నిండుతున్నాయి, నడిస్తే ఆయాసం. ఒకరోజు దీపాలు పెట్టే వేళ, పచ్చికూజాల మీద తడిగుడ్డ కప్పుదామని కొట్టానికి వెళ్ళాను. ముసురు పట్టింది. తడిమన్ను వాసన. దాంతో పాటు బీడీ పొగ వాసన. మా ఆయన బీడీ తాగడు.

తలుపు దగ్గర ఆగాను. లోపల చప్పుడు...

రెండు గట్టిగా. ఒకటి మెల్లగా.

"పొద్దుగూకినాక యాడికొచ్చినావు మే?" వెనక నుంచి మా ఆయన గొంతు. బజారు నుంచి వస్తున్నాడు, చేతిలో సంచి ఉంది.

నేను లోపలికి వేలు చూపించాను. ఆయన తలుపు తోశాడు. చప్పుడు ఆగిపోయింది. లాంతరు వెలుగులో బల్ల మీద కూజాలు మెల్లగా అటూ ఇటూ ఊగుతున్నాయి. ఒక్కటీ నిలబడి లేదు. అన్నిటికీ గుండ్రటి అడుగులు.

"మన్ను మెత్తగుండాది... కూలింది" అన్నాడు.

మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. చివరికి ఒక సాయంత్రం కాపలా కూర్చుంటానన్నాడు. ఒంటరిగా వదలలేక నేనూ పక్కన కూర్చున్నాను. ఎదురుగా బల్ల మీద ఒకటే కూజా. దాని మెడలో రెండు వేళ్ళు కూడా పట్టవు.

చీకటి పడింది. రేకుల మీద వాన చినుకులు. తర్వాత వాన ఆగింది. బీడీ వాసన వచ్చింది...

కూజా కదిలింది. చెక్క లేదు. చెయ్యి లేదు. చప్పుడు మాత్రం కూజాలోంచే వస్తోంది. దెబ్బ దెబ్బకూ అడుగు ఉబ్బుతోంది... గుండ్రంగా... కూజా ఒరిగింది.

"అన్నా..." మా ఆయన గొణిగాడు. "వద్దన్నా... తప్పయిపాయ..."

చప్పుడు ఆగలేదు. ఆయన లేచి కూజాను ఎత్తి నేలకేసి కొట్టాడు. పచ్చిమన్ను రెండుగా విడిపోయింది. లాంతరు కిందికి దించి చూశాను. లోపలి గోడ నిండా రాయి ఆనించిన గుంటలు. వాటి పక్కన వేళ్ళ అచ్చులు. నాలుగు నిండుగా ఉన్నాయి. చిటికెనవేలు సగమే.

ప్రదర్శనకు సరుకు పోలేదు. బెంగుళూరువాళ్ళు ఇంకొకరిని చూసుకున్నారు. మా ఆయన ఒక్క గుండ్రటి కుండ చేసి, నీళ్ళు పోసి, శ్మశానంలో పగలగొట్టి అన్నను సాగనంపాలనుకున్నాడు. కొత్త చెక్క చెక్కించుకున్నాడు, ఏటి గుండ్రాయి తెచ్చుకున్నాడు. ఎంత తట్టినా అడుగులో బొటనవేలు దూరేంత కంత మిగిలిపోయేది. బతికున్నప్పుడు అన్న దగ్గర ఒక పూట కూర్చుని ఉంటే ఈ కర్మ పట్టేది కాదు. ఆ మాట ముఖం మీదే అన్నాను. ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు.

విసిగిపోయి కొట్టానికి తాళం వేశాడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. బావ వెళ్ళిపోయాడనే అనుకున్నాం.

నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక నడుమింట్లో చాప వేసుకుని పడుకున్నాం. బయట ఎండ కాస్తోంది. మా ఆయన నిద్రపోయాడు, గురక వినిపిస్తోంది. నాకు కడుపులో బిడ్డ కదిలినట్టయింది. చెయ్యి వేసి చూశాను. కదలిక కాదు. బొడ్డు కింద, లోపలి నుంచి, ఏదో గుండ్రంగా, గట్టిగా ఆని ఉంది. ఆని... అలాగే ఆగి ఉంది. బయటి దెబ్బ కోసం కాచుకున్నట్టు.

బీడీ వాసన వచ్చింది.

పక్కన మా ఆయన కుడిచెయ్యి లేచింది. కళ్ళు మూసే ఉన్నాయి. తట్టడం రాని ఆ చెయ్యి వచ్చి నా కడుపు మీద వాలింది.

రెండు గట్టిగా. ఒకటి మెల్లగా.

ఆయన గురక పెడుతూనే ఉన్నాడు.