సగంలో ఆపిన మందు

కోల్‌కతా దగ్గరి లిలువా రైల్వే క్వార్టర్లలో పొద్దున్నే కుళాయి వచ్చిందంటే ముందు వినిపించేది సన్యాసమ్మ గొంతే. ఆ రోజు బకెట్ నిండి నీళ్ళు వరండాలోకి పారుతున్నా ఆమె పలకలేదు. కూతురు రోజారాణి లేచి చూసేసరికి తల్లి వంటగది గోడకి ఆనుకుని గజగజ వణుకుతోంది.

"మళ్ళీ జ్వరమా అమ్మా? మంటగా ఉందా?"

"గట్టిగా అనకే. మీ నాన్న వింటాడు. ఆ మాత్ర ఇంకోటుంటే ఇయ్యి."

మూత్రంలో మంట గురించి ఎవరికీ చెప్పుకోలేక సన్యాసమ్మ కూతురికి మాత్రం చెప్పుకుంది. రోజా కోల్‌కతాలో ఎం.ఏ. చదువుతోంది. జలుబు చేసినా, గొంతు నొప్పెట్టినా ఆమె క్లాసులో అందరూ యాంటీబయాటిక్ వేసుకునేవాళ్ళే. నయమనిపించగానే మిగిలిన మాత్రలు పక్కవాళ్ళకి ఇచ్చేసేవాళ్ళే. తల్లికీ అలాగే, మందుల షాపతన్ని అడిగి తెచ్చింది. మంట తగ్గగానే ఆపేసింది. తిరగబెడితే ఇంకో రకం తెచ్చింది. అదీ సగంలోనే ఆగింది.

ఈసారి మాత్రకి జ్వరం లొంగలేదు. మధ్యాహ్నానికి సన్యాసమ్మ మాట తడబడింది. రోజా ఫోన్ చేస్తే, వర్క్‌షాప్ నుంచి పోలిరాజు నూనె మరకల చొక్కాతోనే పరుగెత్తుకొచ్చి భార్యని ఆసుపత్రికి చేర్చాడు.

"ఇంతకుముందు ఏమైనా మందులు వాడారా?" డాక్టరమ్మ బెంగాలీలో అడిగింది.

"లేదు దీదీ, ఏమీ వాడలేదు," అన్నాడు పోలిరాజు.

మంచం మీది నుంచి సన్యాసమ్మ కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంది. చెప్పొద్దని కళ్ళతోనే బతిమాలింది.

"వాడింది. నేనే ఇచ్చాను," అని రోజా మందుల పేర్లన్నీ చెప్పింది.

డాక్టరమ్మ రాస్తున్న మందు పేరు కొట్టేసింది. "నయం, చెప్పావు. సగం సగం వాడితే చావని క్రిములు మొండికేస్తాయి. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకినట్టుంది. వేరే ఇంజక్షన్ మొదలుపెడతాను. పరీక్ష ఫలితం వచ్చేదాకా గట్టిగా ఏమీ చెప్పలేను."

బయటికి రాగానే పోలిరాజు విరుచుకుపడ్డాడు. "డాక్టరువా నువ్వు? మీ అమ్మకి జబ్బని నాకెందుకు సెప్పలేదే?"

"మేమందరం అలాగే వేసుకుంటాం నాన్నా. జ్వరం తగ్గితే జబ్బు పోయిందనే అనుకున్నాను."

"అనుకున్నావేటి! మీ అమ్మ పేణం మీదా నీ అనుకోడాలు?"

"తప్పు నాదే. కానీ అమ్మ నీకెందుకు చెప్పలేదో తెలుసా? ఆ మధ్య పొత్తికడుపు నొప్పంటే, ఆడోళ్ళకి ఎప్పుడూ ఏదో ఒకటని కసిరావు. అప్పట్నుంచీ నీ దగ్గర నోరు విప్పడం మానేసింది."

పోలిరాజు గోడవైపు తిరిగిపోయాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద చెరో చివర కూర్చున్నారు. తలుపు కదిలినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి తలెత్తారు.

మూడో రోజుకి పరీక్ష ఫలితం వచ్చింది. రోజా తెచ్చిన మాత్రలేవీ ఆ క్రిముల మీద పనిచెయ్యవు. డాక్టరమ్మ మొదలుపెట్టిన ఇంజక్షన్ పనిచేస్తుంది. మెల్లగా జ్వరం దిగి సన్యాసమ్మ కళ్ళు తెరిచింది.

"నాకెందుకు సెప్పలేదే?" పోలిరాజు భార్యని అడిగాడు.

"సిగ్గేసినాది."

"నా దగ్గరా?" అని అతను తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

రోజా తల్లి పాదాల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. పోలిరాజు చెయ్యి పట్టి లేవదీశాడు. "ఊరుకో అమ్మీ. నాను లేదన్నప్పుడు నువ్వూ లేదంటే మీ అమ్మ మనకి దక్కునా?"

అంతలో డాక్టరమ్మ వచ్చి ఇప్పుడెలా ఉందని అడిగింది. సన్యాసమ్మ భర్త మొహంలోకి చూసింది. "ఇంకా మంటగానే ఉంది," అంది తెలుగులో, అందరికీ వినిపించేలా.

ఆ మాటని పోలిరాజే, ఏమాత్రం తడబడకుండా, డాక్టరమ్మకి బెంగాలీలో చెప్పాడు.