పాత కచ్చేరిలో తగ్గిన వేడి

సుల్తానాబాద్ అవతల ఒక ఊళ్లో పాత కచ్చేరి గది ఉండేదట. దీపాలు పెట్టాక అటు తొంగిచూసిన మనిషి లేడు. అర్జీ పెట్టి, పిలుపు కోసం కూర్చుని కూర్చుని, ఐలవ్వ అనే ముసలామె చలికి ఆ కచ్చేరి అరుగు మీదే పోయింది. ఇప్పటికీ అక్కడే వణుకుతూ ఉంటుందని ఊరంతా చెప్పుకునేది. అలాంటి గది ఇంకెవరికిస్తారు? బడికిచ్చారు, సైన్సు గది చేసుకోమని.

కొత్తగా వచ్చిన సైన్సు సారు రామచంద్రం దయ్యాలను నమ్మడు. అతని భయమంతా బళ్ల ఇన్‌స్పెక్టరంటే. మర్నాడు ఆయన ముందు రాగి విశిష్టోష్ణం కొలిచి చూపాలి. జవాబు తప్పితే నౌకరి ఉండదు.

ఆ రాత్రి లాంతరు పెట్టుకుని సాధనకు కూర్చున్నాడు. సలసల కాగే నీళ్లలోంచి రాగి ముక్కను తీసి, కెలోరీమీటరులోని చన్నీళ్లలో వేశాడు. రాగి వదిలిన వేడి నీళ్లకు చేరాలి, థర్మామీటరు ఎక్కాలి. ఎక్కింది... సగంలో ఆగింది... దిగింది.

మళ్లీ చేశాడు. మళ్లీ అంతే. వేడి బయటికి పోకుండా కెలోరీమీటరుకు గొంగడి చుట్టాడు. అయినా లెక్కలో వేడి తక్కువే — ఎవరో నడుమ కాజేసినట్టు.

అప్పుడు గొంగడి కదిలింది.

దాని కింద రెండు ముడతల చేతులు... గిన్నెను గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

“జర సలి కాగుతున్న బిడ్డా...”

రామచంద్రం కాళ్లు పారిపొమ్మన్నాయి. కానీ రేపటి జవాబు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

“అవ్వా,” అన్నాడు గుసగుసగా, “నా నౌకరి వోతది. గా గిన్నె ఇడువు. నీకు ఏరే చెంబుల ఉడుకునీళ్లు పెడుత.”

చెంబులో ఉడుకునీళ్లు పోసి పక్కన పెట్టాడు. చేతులు మెల్లగా అటు జరిగాయి. ఈసారి జవాబు పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది.

మర్నాడు బస్సు చెడిపోయి, ఇన్‌స్పెక్టరు అక్బర్ సాబ్ పొద్దుగూకాక దిగాడు. రామచంద్రం ముందే మూలన చెంబు పెట్టి ఉంచాడు. ప్రయోగం చేశాడు. జవాబు తప్పలేదు.

“నీ నౌకరి పక్కా,” అన్నాడు సాబు.

అంతలో ఆయన చూపు మూలకు పోయింది. పొగలు కక్కుతున్న చెంబు... దగ్గర ఎవరూ లేరు... చూస్తుండగానే పొగ ఆగి, నీళ్ల మీద మంచు పొర కట్టింది.

“గదేంది?”

రామచంద్రం చెంబుకు అడ్డంగా నిలబడ్డాడు. “గా చెంబు... ఐలవ్వకు, సాబ్. అర్జీ పెట్టి ఈడనే పానం ఇడిసిన అవ్వ.”

సాబు లేచి తలుపు దగ్గరికి వేశాడు. రామచంద్రం చెవి దగ్గరికి వంగాడు.

“ఫికర్ చెయ్యకు. నీకు ఒక్కతే, చెంబుతోని అయితంది. అర్జీలు పెట్టి పోయినోళ్లు మా దఫ్తర్ల ముగ్గురున్నరు... గంగాళం పెడుతున్నం.”