మూత తీయని కార్డు

నేనెంత వెర్రివాణ్ణో తెలుసుకోవడానికి నాకు సరిగ్గా మూడేళ్ళు పట్టింది. ఆ సంగతి కనిపెట్టిన అమ్మాయి, నాకు చెప్పేముందు బల్ల అంచు పట్టుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది. నేను నిలబడే విన్నాను. అసలు కూర్చోవాల్సింది నేను.

మొదటి నుంచి చెబుతాను, లేకపోతే మీరు నమ్మరు.

నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. డాక్టరు రాసిన చీటీ ప్రకారం అద్దాలు అరగదీసి, ఫ్రేములో బిగించి, మనిషి ముక్కు మీద పెట్టి, "ఇప్పుడు కనిపిస్తోందా?" అని అడగడం నా ఉద్యోగం. సాయంత్రం ఇంటికెళ్ళి కంప్యూటర్లో గేమ్ ఆడటం నా పిచ్చి. ఆ గేమ్‌లో ఒక సరస్సు ఉంది. దాని అవతలి ఒడ్డంతా నా తెర మీద బూడిదరంగు ముద్దలా ఉండేది. అక్కడ ఎప్పుడూ మంచు కురుస్తుందేమో అనుకునేవాణ్ణి. నా గుర్రమైతే పరిగెత్తమంటే ఆగి ఆగి, మెట్లు దిగే ముసలమ్మలా కదిలేది.

నాతో ఆడే స్నేహితులందరిదీ ఒకటే మాట. పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొనుక్కో, బతుకు మారిపోతుందని. తెర మీద బొమ్మ గీసేది ఆ కార్డేనట. మంచిదైతే గడ్డిపోచలు కూడా వేటికవే కనిపిస్తాయట. ఖరీదు మాత్రం నా నాలుగు నెలల జీతం. కొనకపోయినా చూస్తే తప్పేముందని, ఒక శనివారం మా షాపుకి నాలుగు గుమ్మాల అవతలున్న కంప్యూటర్ల షాపుకి వెళ్ళాను.

అద్దాల బీరువాలో, పై అర మొత్తం తనదే అన్నట్టు కూర్చుని ఉంది కార్డు పెట్టె. మూడు ఫ్యాన్ల బొమ్మ, మెరుపుల అక్షరాలు. చూసొద్దామని వెళ్ళినవాణ్ణి, నోరు ఊరుకోక "అది కావాలి" అనేశాను.

రిపేర్ బెంచీ వెనక నుంచి ఒక తల పైకి లేచింది. జుట్టులో పెన్సిలు, చేతిలో స్క్రూడ్రైవరు.

"మీ మెషీన్ ఏది?"

ఇంట్లో ఉందన్నాను.

"అయితే ఇది ఇక్కడ ఉంటుంది. నాడి చూడకుండా నేను మందివ్వను."

నాకు మతిపోయింది. నాలుగు నెలల జీతం తీసుకోమ్మా అంటే వద్దనే షాపు లోకంలో ఉంటుందా? గట్టిగా వాదిద్దామనుకున్నాను. ఈలోపు ఆమె నా పవర్ సప్లై ఎంతదని అడిగింది, క్యాబినెట్ లోపల ఎంత చోటుందని అడిగింది, మానిటర్ ఏ సైజని అడిగింది. ఒక్కదానికీ నా దగ్గర సమాధానం లేదు. "ఆలోచిస్తా" అని చెప్పి బయటపడ్డాను. వెనక నుంచి షాపు యజమాని నవ్వు వినిపించింది. ఆయన ఆమెకి బాబాయ్. అందరూ ఆమెని డాక్టరమ్మ అంటారని తర్వాత తెలిసింది.

మరుసటి శనివారం సమాధానాలన్నీ కాగితం మీద రాసుకుని యుద్ధానికి వెళ్ళాను. అడుగు పెట్టగానే వాన మొదలైంది. ఆమె నా కాగితం చదవనే లేదు. చేతికి టార్చిలైటు ఇచ్చి పట్టుకోమంది. ఒక ప్రింటర్‌ని విప్పి, అందులో కాపురం పెట్టిన బొద్దింకల కుటుంబాన్ని ఒక్కొక్కటిగా ఖాళీ చేయించింది. మొహంలో విసుగు లేదు, పైగా ఏదో పాట. నేను టార్చి పట్టుకుని ప్రింటర్ తప్ప అన్నీ చూశాను.

"వాన తగ్గి అరగంటయింది," అంది, తల ఎత్తకుండానే.

ఆ రోజు ఇంటికి నడుస్తూనే నాకొకటి తేలిపోయింది. గడ్డిపోచల కోసం నాలుగు నెలల జీతం తగలెయ్యను. నాకా కార్డు వద్దు. మంచు కురిసే సరస్సు నాకు బాగానే ఉంది. అయితే ఆ మాట చెప్పేస్తే, మళ్ళీ శనివారం ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి?

అందుకని చెప్పలేదు. ప్రతి శనివారం వెళ్ళి బీరువా ముందు నిలబడి, తల పంకించి, "ఆలోచిస్తా" అనేవాణ్ణి. అలా ఐదు నెలలు. బాబాయ్ నాకు ఆ పేరే పెట్టేశాడు. నేను గుమ్మంలో కనిపించగానే, "డాక్టరమ్మా, ఆలోచిస్తా వచ్చాడు" అని కేకేసేవాడు. మా అక్క ఫోనులో, "ఒరేయ్, ఇల్లు కొనేవాళ్ళు కూడా ఇన్నిసార్లు చూడర్రా. ఏం కార్డురా అది?" అని ఆరా తీసేది. నేను మాట మార్చేవాణ్ణి.

మూడో నెలలో డాక్టరమ్మే మా షాపుకి వచ్చింది, కళ్ళజోడు కాడ విరిగిందని. నేను బాగుచేసి పెట్టి, అలవాటుగా "ఇప్పుడు కనిపిస్తోందా?" అన్నాను. గోడ మీది అక్షరాల వైపు చూడాలి కదా. నా వైపే చూసింది. "అవసరమైనదానికంటే ఎక్కువే కనిపిస్తోంది, నీ దయవల్ల," అని వెళ్ళిపోయింది. మీరు కాస్తా నువ్వు అయిపోయిందని నేను గ్రహించేసరికి ఆమె వీధి దాటేసింది.

అంతా హాయిగా సాగిపోతోందనుకుంటుండగా, ఒక మంగళవారం బాబాయ్ చదువుకునే అద్దాల కోసం వచ్చి నా నెత్తిన పిడుగు వేశాడు.

ఈ నెలాఖరుకి ఆ కార్డు కంపెనీకి తిరిగి వెళ్ళిపోతుందట. దాన్ని తెప్పించమని పట్టుబట్టింది డాక్టరమ్మేనట. అది అమ్మి చూపిస్తే రిపేర్ బెంచీ ఉంటుంది, లేకపోతే బెంచీ తీసేసి ఆ చోట ఫోను కవర్లు పెడతానని ఆయన మొదట్లోనే షరతు పెట్టాడట. ఆమెని ఊరి అవతలి షాపులో గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడతాడట.

"వచ్చినవాడికి అంటగట్టవే అంటే వినదు బాబూ. నాడి చూడాలంటుంది. ఇక నావల్ల కాదు," అన్నాడు.

పెన్సిలు లేని జుట్టుతో, స్క్రూడ్రైవరు లేని చేతులతో ఆమెని ఊహించుకోలేకపోయాను. ఐదు నెలలుగా ఆమె ఈ మాట నాతో అననే లేదు. నేనేమో వారం వారం ఆమె కళ్ళ ముందే నిలబడి, ఆలోచిస్తా అని పాట పాడాను. ఆ కంగారులో ఆయన ఫ్రేములో కుడి అద్దం ఎడమకి, ఎడమది కుడికి బిగించాను. పాపం ఆయన గోడ పట్టుకుని నడిచి, మళ్ళీ వెనక్కొచ్చాడు.

బుధవారం మధ్యాహ్నం సెలవు పెట్టి, కంప్యూటర్ క్యాబినెట్‌ని పసిపిల్లలా రెండు చేతులతో ఎత్తుకుని, జేబులో డబ్బుతో వెళ్ళాను.

"కొంటున్నాను," అన్నాను.

డాక్టరమ్మ అనుమానంగా చూసింది. "ఆలోచించావా?"

"ఆలోచించాను."

బాబాయ్ ఒక్క అంగలో బిల్లు పుస్తకం తెరిచాడు. ఆమె నా మెషీన్ పక్క రేకు విప్పింది, దుమ్ము ఊదింది, లోపలున్న పాత కార్డుని బయటికి తీసింది. మెషీన్‌తో పాటు మా బావ బిగించి కానుకగా ఇచ్చినది అది. దాని వెనక అంచు చూసి ఆగిపోయింది. పాట కూడా ఆగిపోయింది. అప్పుడే బల్ల పట్టుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇది లోపలుండి ఎన్నాళ్ళయింది?"

మూడేళ్ళన్నాను.

"మానిటర్ కేబుల్ ఎవరు పెట్టారు?"

"నేనే."

"ఎక్కడ పెట్టావు?"

"వెనకాల. ఎక్కడ పడితే అక్కడ."

ఆమె కార్డుని నా కళ్ళ దగ్గరికి తెచ్చింది. అంచున నాలుగు సాకెట్లు. నాలుగింటికీ నల్లటి రబ్బరు మూతలు. కొత్త కార్డులో దుమ్ము పోకుండా కంపెనీవాళ్ళు పెట్టి పంపేవి. నాలుగూ చెక్కు చెదరకుండా ఉన్నాయి.

నాకు అర్థం కాలేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. మానిటర్ కేబుల్ ఈ కార్డుకి పెట్టాలి. నేను పైనున్న మదర్‌బోర్డు సాకెట్‌లో పెట్టాను. బొమ్మలన్నీ మూడేళ్ళుగా ఆ బోర్డే, దాని చిన్న ఓపికతో గీస్తోంది. కార్డేమో కరెంటు తిని, ఫ్యాను తిప్పుకుంటూ ఊరికే కూర్చుంది.

"చాలా మెషీన్లలో అలా పెడితే తెర నల్లగా ఉండిపోతుంది. తప్పు ఆ రోజే తెలిసిపోయేది. నీది పాపం ఉన్నదాంతోనే సర్దుకుపోయింది."

పొద్దస్తమానం నలుగురినీ కనిపిస్తోందా, కనిపిస్తోందా అని అడిగేవాణ్ణి నేను.

బాబాయ్ కలం బిల్లు మీద ఆగిపోయింది. అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టి, మొదటి దెబ్బ చిన్నదైపోయింది. ఆమె ఆ మూతల సంగతి చెప్పకపోయినా సరిపోయేది. కొత్త కార్డు బిగించి, కేబుల్ ఎక్కడ పెట్టాలో చూపించి పంపితే నేను గంతులేసుకుంటూ పోయేవాణ్ణి. ఎవరికీ తెలిసేది కాదు. ఆమె బెంచీ ఆమెకి ఉండేది.

ఆమె నాలుగు మూతలూ లాగి, నా అరచేతిలో పెట్టింది. పాత కార్డునే మళ్ళీ బిగించి, షాపు మానిటర్‌కి తగిలించింది. "నీ గేమ్ పెట్టు," అంది.

పెట్టాను. సరస్సు వచ్చింది. అవతలి ఒడ్డున మంచు లేదు. అక్కడ ఊరుంది. ఎర్ర పెంకుల ఇళ్ళు, నీళ్ళలోకి మెట్లు, తీగ మీద ఆరేసిన బట్టలు. మూడేళ్ళుగా నేను ఒక ఊరికి ఎదురుగా కూర్చుని చేపలు పట్టాను, అక్కడ ఊరుందని తెలియకుండా.

"పెద్ద కార్డు నీకు అక్కర్లేదు," అంది డాక్టరమ్మ. గొంతు మామూలుగానే ఉంది. చేతిలోని స్క్రూడ్రైవరు మాత్రం పొరపాటున జుట్టులో దోపుకుంది.

"అయినా కొంటాను."

"ఎందుకు?"

నా చూపు బెంచీ మీదికి పోయింది. ఆమె బాబాయ్ వైపు తిరిగింది. బాబాయ్ పైకప్పులో ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆమెకి అంతా అర్థమైంది. మొహం ఎర్రబడింది.

"నీకు పనికిరానిది నీకే అమ్మి నిలబెట్టుకునే బెంచీ నాకొద్దు. నీ మెషీన్ తీసుకుని వెళ్ళు."

వెళ్ళాను. తర్వాత మూడు రోజులు నేను గేమ్ ముట్టుకోలేదు. అవతలి ఒడ్డు అంత స్పష్టంగా కనిపిస్తుంటే చూడబుద్ధి కాలేదు.

నెలాఖరు శనివారమే వచ్చింది. వెళ్ళాలా వద్దా అని తన్నుకులాడి, చివరికి ఉత్త చేతులతో వెళ్ళాను. డాక్టరమ్మ బెంచీ వెనక తల దించుకుని పనిముట్లు డబ్బాలో సర్దుతోంది. బాబాయ్ స్టూలెక్కి, కార్డు పెట్టె కంపెనీకి పంపడానికి దించుతున్నాడు. నేను అందుకున్నాను. ఐదు నెలలుగా ఆ పెట్టె ముందు భాగమే చూశాను కానీ వెనకేముందో ఎప్పుడూ చూడలేదు.

వెనక ఒక పసుపు చీటీ అంటించి ఉంది. డాక్టరమ్మ చేతిరాత. "బుక్ అయింది. ఆలోచిస్తా." కింద తేదీ, నేను టార్చి పట్టుకున్న వాన రోజుది. ఆ కింద మూడు ఫోను నంబర్లు.

బాబాయ్ చీటీ లాక్కుని చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. స్టూలు మీది నుంచి దిగి, ఆ స్టూలు మీదే కూలబడ్డాడు. ఆయన అడగ్గా అడగ్గా ఒక్కొక్కటే బయటికొచ్చింది. ఈ ఐదు నెలల్లో ముగ్గురు డబ్బు పట్టుకుని వచ్చారు. ముగ్గురి మెషీన్లూ చూసింది. ముగ్గురికీ కార్డు నిజంగానే అవసరం. ముగ్గురికీ బుక్ అయిపోయిందని చెప్పి, నంబరు రాసుకుని పంపేసింది.

"నాడి చూసి మందిచ్చే డాక్టరమ్మ మందునే దాచేసిందా?" అన్నాడు బాబాయ్, నీరసంగా. "నీ బెంచీ పోతుందని తెలిసి కూడా? ఎందుకే?"

ఆమె చేతిలోని స్క్రూడ్రైవరుకి జవాబు చెప్పింది. "అది అమ్ముడుపోతే ఈయన మళ్ళీ ఎందుకొస్తాడు?"

నేను గోడకి ఆనుకున్నాను. నాకోసం ఒకమ్మాయి తన బెంచీని పణం పెట్టి, ఐదు నెలలు ఆ మాట కడుపులో దాచుకుంది. ఆమె నాలుగు గుమ్మాల అవతలే ఉంది, నేను వారం వారం చూస్తూనే ఉన్నాను, అయినా నాకు కనపడలేదు.

"నేను రెండో శనివారమే వద్దనుకున్నాను," అన్నాను.

ఆమె చటుక్కున తలెత్తింది. "ఏమిటి?"

"కార్డు. ఆ వాన రోజే వద్దనుకున్నాను."

"మరి ఇన్నాళ్ళూ ఏం ఆలోచించావు?"

"నిన్ను. నువ్వంటే నాకు ఇష్టం. చెప్పడానికి ధైర్యం లేక, కార్డు చూస్తూ నిలబడ్డాను."

ఆమె జుట్టులోంచి పెన్సిలు జారి కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

"బాగుంది," అన్నాడు బాబాయ్, తేరుకుని. "అక్కర్లేనివాడు కొంటానంటాడు, అమ్మాల్సింది దాచేస్తుంది. ఇద్దరూ కలిసి నా పై అరని సత్రం చేశారు." చీటీ మీది మొదటి నంబరుకి ఫోను చేశాడు. కార్టూన్ సినిమాలు తీసే ఆయనట. అరగంటలో వచ్చి తీసుకెళ్తానన్నాడు.

డాక్టరమ్మ డబ్బాలో సర్దిన పనిముట్లు ఒక్కొక్కటీ తీసి మళ్ళీ బెంచీ మీద పరిచింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. నావి కూడా.

బాబాయ్ కలం మూత తీసి, నా వైపు తిరిగాడు. "ఏం బాబూ, మీ ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడాలంటే ఎవరికి చెయ్యాలి? లేక దానికీ ఐదు నెలలు పడుతుందా?"

డాక్టరమ్మ చెయ్యి పనిముట్ల మీద ఆగింది.

"మా అక్కకి చెయ్యండి. రాసుకోండి," అని గబగబా చెప్పాను.

ఆయన ఆ పసుపు చీటీ మీదే, మూడు నంబర్ల కింద, మా అక్క నంబరు రాసుకున్నాడు.