ఏడో ప్రశ్న

షోరూములో ఆమెను అందరూ పదులమ్మ అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. కొత్త మోటారు సైకిలు కొనుక్కుని వెళ్లినవాళ్లకు మూడో రోజున ఫోన్ చేసి, ఏడు ప్రశ్నలు అడిగి, ఒక్కోదానికి పదికి ఎన్ని మార్కులిస్తారో రాసుకోవడం ఆమె ఉద్యోగం. మర్యాదగా మాట్లాడారా, చెప్పిన రోజుకే బండి ఇచ్చారా, ఇచ్చేముందు బ్రేకులూ లైట్లూ మీ ఎదుటే సరిచూశారా... ఇలా ఆరు. ఏడోది, "మా షోరూము గురించి మీవాళ్లకు చెబుతారా?"

ఆ కాగితాలు నెలాఖరుకు కంపెనీకి వెళ్తాయి. అక్కడి లెక్కే వేరు. పది వస్తేనే పాసు, తొమ్మిదొచ్చినా ఫెయిలే. అందుకే పదులమ్మ ముందుగానే గొంతులో తేనె కలుపుకునేది. "సార్, మీ తొమ్మిది మాకు సున్నాతో సమానం సార్. మీ ఇంటి ఆడపిల్ల అడిగిందనుకోండి." చాలామంది కరిగిపోయేవాళ్లు. కరగనివాళ్లకూ, ఫోను ఎత్తనివాళ్లకూ పదులు తనే వేసేది. ఇదొక తప్పని ఆమెకు అనిపించేది కాదు. టై కట్టుకుని బళ్లు అమ్మే అతను రోజుకు వంద అబద్ధాలాడతాడు, మేనేజరు నూటొకటి ఆడతాడు. తనది ఒకటి పక్కన ఒక సున్నా, అంతే.

నాలుగు నెలల కింద ఒక లెక్కల మాస్టారు వచ్చి బూడిదరంగు బండి కొనుక్కుపోయేదాకా అంతే.

ఆ సంగతి ముందు చెప్పాలి. మూడో రోజు ఆమె ఫోన్ చేస్తే మాస్టారు తాపీగా, పిల్లలకు లెక్క విడమరిచినట్టు చెప్పారు. "బండి ఇచ్చేముందు ఎవరూ ఏమీ చూడలేదమ్మా. ముందు బ్రేకు నొక్కితే ఒక్కోసారి పిడి దాకా వచ్చేస్తోంది, చక్రం పట్టడం లేదు. రెండుసార్లు వచ్చి చెప్పాను. కొత్త బండి, నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుందన్నారు. రెండు వేసుకోండి." ఆవేళ నెలాఖరు. కంపెనీ ఇచ్చే, గోడకు తగిలించే ఉత్తమ షోరూము పలకకు ఒక్క కాగితం తక్కువ. పదులమ్మ రెండు అని రాయలేదు, పది రాసింది. రెండు రాసుంటే ఆ కాగితం వెనక మరమ్మతు షెడ్డుకు వెళ్లేది, బండిని వెనక్కి పిలిచేవాళ్లు. తొమ్మిదో రోజున వంతెన దిగే మలుపు దగ్గర మాస్టారు పోయారు.

ఆయన భార్య నుజ్జయిన బండిని ట్రాలీ మీద వేయించుకుని వచ్చింది. కేకలు వేయలేదు. "బ్రేకు గురించి మీకేమైనా చెప్పారా అమ్మా?" అని మాత్రం అడిగింది. పదులమ్మ తన దగ్గరున్న కాగితం నకలు తీసి చూపించింది. ఏడు ప్రశ్నలు, ఏడు పదులు. ఆవిడ ఆ అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూసి, బండిని అక్కడే వదిలేసి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. షెడ్డు వెనక ప్రహరీ వారన నీలం టార్పాలిన్ కింద ఆ బండి అలాగే ఉంది. పదులమ్మ ఆ వైపు వెళ్లడం మానేసింది. రాత్రిళ్లు నిద్ర పట్టడం కూడా మానేసింది.

ఈ సాయంత్రం విషయానికొస్తే, మధ్యాహ్నం నుంచి ఎడతెగని వాన. అయిదున్నరకే చీకటి కమ్మింది. కరెంటు పోయింది. జనరేటరు వేస్తే ముందు హాల్లో బళ్ల మీద దీపాలు వెలిగాయి కానీ, వెనక అద్దాల గదిలో ఆమె బల్ల మీద వెలగలేదు. కొత్త టైర్ల వాసన, తడిసిన అట్టపెట్టెల వాసన కలిసి గదిలో ముసురుకున్నాయి. సెల్‌ఫోన్ వెలుతురులో ఆమె ఆనాటి జాబితా చూసుకుంటోంది. ఎనిమిది మంది. ఎనిమిదో నంబరు దగ్గర వేలు ఆగిపోయింది.

పేరు లేదు. నంబరు మాత్రం ఉంది. ఆ నంబరు ఆమెకు కంఠతా వచ్చు.

చచ్చినవాళ్ల నంబర్లు కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇస్తారు కదా అనుకుంది. అలా అనుకోగానే ధైర్యం వచ్చింది. రాకపోయినా వచ్చిందనుకుంది. టెలిఫోను తీసి అంకెలు నొక్కింది.

ఒక్క రింగుకే ఎత్తారు.

అవతల వాన చప్పుడు. ఆ చప్పుడు వెనక ఏదో లోహం మీద నీటిచుక్క పడుతోంది. టప్... టప్...

"సార్, షోరూము నుంచి మాట్లాడుతున్నాను. కొత్త బండి గురించి ఏడు ప్రశ్నలు..."

"అడగండమ్మా."

అదే గొంతు. అదే తాపీ. పెట్టేద్దామనుకుంది, కానీ రిసీవరు పట్టుకున్న చెయ్యి మాట వినలేదు. నాలుగేళ్లుగా అడిగీ అడిగీ అలవాటైన నోరు మొదటి ప్రశ్న అడిగేసింది.

"పది," అన్నారాయన.

రెండోదానికి పది. మూడోది బ్రేకుల ప్రశ్న. అదీ అడిగింది.

"అదీ పదేనమ్మా. మీరు రాసేశారుగా."

టప్... టప్...

నాలుగు, అయిదు, ఆరు ఎలా అడిగిందో ఆమెకే తెలియదు. ఏడోది గొణిగింది. "మా షోరూము గురించి... మీవాళ్లకు చెబుతారా?"

"మావాళ్లకు కాదు, మీవాళ్లకు చెప్పాను. ఒకతను. ఈపాటికి వచ్చే ఉంటాడు."

ఫోను పెట్టేశారు.

పదులమ్మ తలెత్తి అద్దంలోంచి హాల్లోకి చూసింది. దీపాల కింద బూడిదరంగు కొత్త బండి. దాని పక్కన టై అతను అట్టతో చేసిన పెద్ద తాళంచెవి పట్టుకుని, ఎవరినో నవ్వమని ఫోటో తీయిస్తున్నాడు. బండి మీద కూర్చుని నవ్వుతున్నది ఆమె తమ్ముడు.

అమ్మా నాన్నా పోయినప్పుడు వాడికి ఏడేళ్లు. అన్నం కలిపి పెట్టింది, జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది, చదివించింది. వాడు ఆమెకు తమ్ముడూ, కొడుకూ కూడా. ఈమధ్యే వాడికి గట్టిగా చెప్పింది, బండి కొంటే కొనుక్కో కానీ మా దగ్గర మాత్రం వద్దని. ఎందుకని అడిగితే చెప్పలేదు.

పరుగున హాల్లోకి వెళ్లింది.

"చూశావా అక్కా, చెప్పకుండా వచ్చేశాను," అన్నాడు తమ్ముడు. "నీ మొహం చూడాలనే ఇదంతా."

"ఇక్కడ కొనమని నీకెవరు చెప్పార్రా?"

"బస్టాపులో ఒక సారు. వారం నుంచి రోజూ కనిపిస్తున్నారు. మీ అక్క షోరూమేగా, అన్నీ పదికి పదే, మీ అక్కే తన చేత్తో రాసిందన్నారు. నీకు బాగా తెలిసినవాళ్లట కదా?"

బండి తాళంచెవి టై అతని చేతిలో ఉంది. ఆమె లాక్కుంది. "పెద్ద మేస్త్రీని పిలవండి. ముందు బ్రేకు చూడాలి."

"అన్నీ చూశాంలెండి, టిక్కులు కూడా పెట్టాం," అన్నాడు టై అతను. "కొనేవాడే కిక్కురుమనడం లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?"

ఆమె తనే షెడ్డు వైపు తిరిగి కేకేసింది. షెడ్డులోంచి పెద్ద మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్లుగా బళ్లు విప్పుతున్న మనిషి. బండిని ముందుకు నెడుతూ బ్రేకు ఒకసారి నొక్కాడు. మళ్లీ నొక్కాడు. మూడోసారికి పిడి దాకా వచ్చేసింది. చక్రం తిరుగుతూనే ఉంది.

"బ్రేకు నూనె గొట్టంలో గాలి ఉందమ్మా," అన్నాడు మెల్లగా. "బండి ఇచ్చేముందు ఆ గాలి తీయాలి. ఎవరూ తీయలేదు. దీని మీద వెళ్లుంటే..." మాట పూర్తి చేయకుండా బండిని షెడ్డులోకి నెట్టుకెళ్లాడు. అక్కడ స్టాండు మీద ఎక్కించి ముందు చక్రం విప్పేశాడు.

మేనేజరు వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. అందరినీ చూశాడు కానీ, ప్రశ్న మాత్రం పదులమ్మకే వేశాడు. "ఏమ్మా, ఫోన్లు చేసేది నువ్వేగా. ఇదివరకు ఎవరైనా బ్రేకు గురించి చెప్పారా?"

ఇదే సమయం. చెప్పాలనుకుంది, నిజంగా అనుకుంది. నోటి దాకా వచ్చింది. అంతలో ఉద్యోగం గుర్తొచ్చింది, మాస్టారి భార్య కాగితం మీద వేలు పెట్టి చూడడం గుర్తొచ్చింది, పోలీసులు గుర్తొచ్చారు. తమ్ముడు పక్కనే ఉన్నాడు, వాడి ఎదుట... వాడు బతికి ఉన్నాడు కదా, అది చాలదా?

"లేదండీ," అంది. "ఎవరూ చెప్పలేదు."

వాన ఒక్కసారిగా జోరందుకుంది.

"పద, బస్సులో పోదాం," అంది తమ్ముడితో. "గేటు దగ్గర నిలబడు. సంచీ తెచ్చుకుంటాను." వాడు చిన్నబుచ్చుకున్నాడు కానీ, సరేనని వెళ్లాడు. వాడి వీపు గేటు దాకా వెళ్లడం చూసి ఆమె గుండె కాస్త కుదుటపడింది. గండం గడిచింది అనుకుంది.

అద్దాల గదిలో ఫోను మోగుతోంది.

ఎత్తకూడదనుకుంది. మోగుతూనే ఉంది. ఎత్తింది.

"అక్కా, నేనే." తమ్ముడు. వాడి మాట వెనక గాలి హోరు. "నువ్వు బస్సులో వచ్చెయ్యి. సారు కనిపించారు, దింపేస్తానన్నారు. వెనక కూర్చున్నాను."

"ఏ సారురా?"

"చెప్పానుగా, ఆ సారే. పాపం తడిసి ముద్దయ్యారు. పట్టుకుంటే ఒళ్లు మంచులా ఉంది..."

ఆమె అద్దంలోంచి చూసింది. షెడ్డులో కొత్త బండి స్టాండు మీదే ఉంది, ముందు చక్రం మేస్త్రీ కాళ్ల దగ్గర ఉంది. గేటు దగ్గర ఎవరూ లేరు.

"దిగరా. బండి ఆపమను. నా మాట విను, దిగిపో."

కాసేపు గాలి. తర్వాత వాడి గొంతు, చిన్నప్పటి గొంతు.

"అడిగానక్కా... ఆగడం లేదంటున్నారు."

"మేస్త్రీ!" ఆమె అరిచిన అరుపుకు పెద్ద మేస్త్రీ లేచాడు. "గేటు బయట చూడు! మా తమ్ముడు... ఎటు వెళ్లాడో చూడు!" అతను టార్చి తీసుకుని వానలోకి పరుగెత్తాడు. రిసీవరులో మళ్లీ ఆ తాపీ గొంతు.

"కాగితం తీసుకోండమ్మా. ఈసారి నేను చెప్పిందే రాయండి."

ఆమె కాగితం తీసింది. కలం జారింది. నేల తడిమి పట్టుకుంది.

మొదటి ప్రశ్న అడిగింది. "ఆరు." ఆరు రాసింది. రెండోది. "నాలుగు." రాసింది. మూడోది... బ్రేకులు. ఏడుపు ఆగలేదు.

"రెండు," అన్నారాయన. "అప్పుడు కూడా రెండే చెప్పాను."

"చెప్పారు సార్. నేనే మార్చాను. నేనే సార్..." రెండు రాసింది. కన్నీళ్లు పడి అంకె చెదిరితే మళ్లీ దిద్దింది. నాలుగోది. అయిదోది. ఆరోది. గాలి హోరు పెరుగుతోంది. ఎక్కడో తమ్ముడు అక్కా అంటున్నాడు. వంతెన మీద బళ్లు వెళ్తుంటే వచ్చే బోలు చప్పుడు. ఎక్కుతున్నారో... దిగుతున్నారో.

గది గుమ్మంలో మేస్త్రీ. ఒంటి మీంచి నీళ్లు కారుతున్నాయి.

"అమ్మా, గేటు బయట ఎవరూ లేరు. అక్కణ్నుంచి ప్రహరీ దాకా వెళ్లి చూశాను. వెనక... ఆ నీలం టార్పాలిన్..."

"ఏమైంది?"

"కట్టిన తాళ్లు కట్టినట్టే ఉన్నాయి. కింద బండి లేదు. నేల మాత్రం బండి మేర పొడిగా ఉంది."

కాగితం మీద ఏడో గడి ఖాళీగా ఉంది. మీవాళ్లకు చెబుతారా అని ఏ నోటితో అడుగుతుంది?

"ఏడోది అడగండమ్మా," అన్నారు మాస్టారు. "మలుపు ఇంకా రాలేదు."