మేనేజరమ్మ చేతిలో కాగితంపూల మొక్క

బడి వదలగానే మేనేజరమ్మ ఇంటికి పరుగెత్తింది. సంచి విసిరేసి, బకెట్టు నిండా నీళ్ళు పట్టి, రెండు చేతులతో మోసుకుంటూ పక్కనున్న టైలరత్త షాపు ముందుకు వచ్చింది.

తాళం వేసిన తలుపు పక్కన మట్టికుండీలో కాగితంపూల మొక్క ఉంది. ఆకులు వాలిపోయాయి. కొన్ని పసుపురంగుకు తిరిగి కింద రాలాయి.

"ఇంకా దాహమేనా నీకు?" అంటూ బకెట్టంతా గుమ్మరించింది. ఆ రోజుకది మూడోసారి.

ఆ అమ్మాయికి అసలు పేరు వేరే ఉంది. పదేళ్ళకే ఇంటిల్లిపాదికీ పనులు పురమాయిస్తోందని నాన్న సరదాగా పెట్టిన పేరే నిలిచిపోయింది. నాన్న చెప్పులు ఎక్కడ విడవాలో, అమ్మ కూరలో ఉప్పు ఎప్పుడు వెయ్యాలో కూడా ఆవిడగారే చెప్పాలి మరి.

టైలరత్త కూతురికి పాప పుట్టింది. పాపను చూడటానికి నెల్లాళ్ళు ఊరెళ్తూ అత్త తన మొక్కను మేనేజరమ్మకు అప్పగించింది.

"పదేళ్ళుగా పెంచుతున్నా. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, ఎండకు జంకదు. నీళ్ళు తక్కువైతేనే బాగా పూస్తుంది. వారానికో చెంబు చాలు. మట్టిలో వేలు పెట్టి చూడు. తడి తగిలితే అదీ వద్దు" అని మరీ మరీ చెప్పింది.

మేనేజరమ్మ బుద్ధిగా తలూపింది. మనసులో మాత్రం, ఇంత ఎండలో వారానికో చెంబుతో ఎవరు బతుకుతారులే అనుకుంది. తన చేతిలో మొక్క రెట్టింపు పూయాలి, అత్త వచ్చి నోరు వెళ్ళబెట్టాలి. అందుకే రోజూ పోసింది. నీళ్ళు కారిపోకుండా కుండీ కింద పళ్ళెం కూడా పెట్టింది. ఆకులు వాలినకొద్దీ ఇంకా పోసింది.

ఆ సాయంత్రం అమ్మ ఫోనుకు టైలరత్త కాల్ చేసింది.

"నా మొక్క ఎలా ఉంది తల్లీ?"

"బ్రహ్మాండంగా ఉందత్తా."

"అయితే ఓ ఫొటో పంపు. మా అమ్మాయి చూస్తానంటోంది."

మేనేజరమ్మ గుండెల్లో రాయి పడింది. నిజం చెబితే అత్త ఇంకెప్పుడూ తనను నమ్మదు. ఫోనులో వెతికితే, అత్త ఊరెళ్ళే ముందు రోజు తీసిన ఫొటో దొరికింది. కొమ్మల నిండా పూలే. అదే పంపేసింది.

"బంగారు తల్లివి" అని వెంటనే జవాబొచ్చింది. తిట్టినా అంత బాధగా ఉండేది కాదేమో.

మర్నాడు మొక్కకు గుప్పెడు ఆకులు కూడా మిగల్లేదు. మేనేజరమ్మ తనే అమ్మనడిగి ఫోన్ తీసుకుంది.

"అత్తా, నిన్న పంపింది పాత ఫొటో. మొక్క పాడైపోయింది. నువ్వు చెప్పినట్టు చెయ్యకుండా, బకెట్లకు బకెట్లు పోశాను. నీళ్ళు కారిపోకుండా కుండీ కింద పళ్ళెం కూడా పెట్టాను."

"పాత ఫొటో అని నాకు తెలుసులే" అంది టైలరత్త. "అందులో నా షాపు తలుపు బార్లా తెరిచి ఉంది. తాళంచెవి చూస్తే నా దగ్గరుంది."

మేనేజరమ్మ నాలుక కరుచుకుంది.

"నువ్వే చెప్తావేమోనని చూస్తున్నా. మొక్క పాడైతే బాధే. నువ్వు దాచావని ఇంకాస్త బాధ. సరే, ఏడవకు. ఆ పళ్ళెం తీసెయ్. కుండీ అడుగున కన్నం మూసుకుపోయి ఉంటుంది, పుల్లతో పొడువు. ఎండలోనే ఉంచు. ఆ తర్వాత ఏమీ చెయ్యకు."

"ఏమీ చెయ్యకుండా ఎలా అత్తా?"

"అదే కష్టమైన పని. నీకు మరీనూ."

నాన్న కుండీని ఒరిగించి పట్టుకుంటే మేనేజరమ్మ పుల్లతో పొడిచింది. మురికినీళ్ళు బుడబుడమంటూ బయటికొచ్చాయి. ఇక మిగిలింది ఊరుకోవడమే. ఆ చేతులు ఊరుకునే రకం కావు. అయినా రోజూ మట్టిలో వేలు పెట్టి చూడటం, చెంబు ముట్టకుండా ఇంటికెళ్ళిపోవడం. రోజుకో ఫొటో మాత్రం పంపింది, ఉన్నది ఉన్నట్టు. "ఈ రోజు నాలుగు ఆకులు రాలాయి." "ఈ రోజు ఏమీ లేదు."

టైలరత్త తిరిగొచ్చేసరికి మొక్క మోడులా ఉంది. ఒక్క కొమ్మ చివర బియ్యపుగింజంత చిగురు. అత్త గోటితో బెరడు గీకి చూసింది. లోపల పచ్చగా ఉంది.

"బతుకుతుంది. పూలకు మాత్రం చాలా నెలలు ఆగాలి" అంది. మేనేజరమ్మకు పూలు లేవని దిగులేసినా, బతుకుతుందన్న మాటకు ప్రాణం లేచొచ్చింది.

రెండు రోజుల తర్వాత షాపు నిండా మనుషులున్నారు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ఒకావిడ కుండీ దగ్గర ఆగింది.

"అయ్యో, ఎవరూ నీళ్ళు పోయట్లేదా దీనికి? ఎండిపోయింది" అంటూ తన సీసా మూత తిప్పింది.

మేనేజరమ్మ పరుగున వచ్చి అరచేయి అడ్డం పెట్టింది. అందరూ ఇటే చూస్తున్నారు.

"వద్దండీ. అది ఎండిపోలేదు. నేనే ఎక్కువ నీళ్ళు పోసి పాడుచేశాను. ఇప్పుడు కోలుకుంటోంది" అంది గట్టిగా.

ఆవిడ ఏం చెయ్యాలో తోచక షాపులోకి చూసింది.

టైలరత్త మిషను ఆపకుండానే అంది. "ఆ మొక్క బాధ్యత ఆ అమ్మాయిదేనండీ. తను చెప్పినట్టు చెయ్యండి."